మోకాలి కోసం మెలిక తిరిగిన ఇంజను

శ్రోతలకు నమస్కారం.

నా నమస్కారానికి మీరూ ఒకసారి ప్రతినమస్కారం పెట్టాలి. మర్యాద కోసం కాదు, పనుండి అడుగుతున్నాను. రేడియోలో నల్లబల్ల మీద బొమ్మ గీసి చూపించే వీలు లేదు కదా, అందుకని మీ చేతుల్నే కాసేపు అరువు ఇవ్వండి.

రెండు చేతులూ జోడించి గుండెకెదురుగా పెట్టుకున్నారా? ఇప్పుడు మణికట్లు అంటించే ఉంచి, వేళ్ల వైపు విప్పండి. ఎడమ అరచెయ్యి ఎడమకి, కుడి అరచెయ్యి కుడికి వాలుతుంది. మధ్య కోణం వడ్రంగి మూలమట్టం కన్నా ఒక్క పిసరు తక్కువ, 80 డిగ్రీలనుకోండి. అదే మన ఇంజను. అరచేతులు రెండూ రెండు సిలిండర్లు. మణికట్లు కలిసిన చోట క్రాంక్‌షాఫ్ట్, మీ గుండె వైపు నుంచి ఎదుటి గోడ వైపుకి పడుకుని ఉంది. మీరు బండి మీద కూర్చుని ఉన్నారు. బొటనవేళ్లు మీ వైపున్నాయి చూడండి, అవి కార్బొరేటర్లు. చిటికెనవేళ్లు రోడ్డు వైపున్నాయి, అవి పొగగొట్టాలు.

చిక్కంతా ఇక్కడే. కార్బొరేటర్లు ఉన్న చోటికే మీ మోకాళ్లు కూడా రావాలి. ఇటలీలో మోటో గుజ్జీ కంపెనీ 1967లో వీ7 అనే బండి తెచ్చింది. ఇంజను ఇదే అమరిక, సిలిండర్లు చెరో పక్కకి పొడుచుకొచ్చి ఉంటాయి. అందమైన బండి, పేరున్న బండి. కాళ్లు పొడుగున్నవాడు ఎక్కితే మాత్రం మోకాలు వెళ్లి కార్బొరేటరుకి తగిలేది. పదేళ్ల తర్వాత జపానులో హోండా కంపెనీ ఇదే తరహా ఇంజను గీస్తూ ఆ మోకాలి దగ్గర ఆగింది.

ఇప్పుడు మీ చేతుల్ని ఉన్నచోటే కొంచెం మెలితిప్పండి. బొటనవేళ్లు రెండూ ఒకదానికొకటి దగ్గరవ్వాలి, చిటికెనవేళ్లు దూరమవ్వాలి. 22 డిగ్రీలు చాలు. అంతే. కార్బొరేటర్లు లోపలికి వెళ్లి ట్యాంకు కింద దాక్కున్నాయి, పొగగొట్టాలు ముందు నుంచి బయటికి జరిగాయి, మోకాళ్లకి చోటు దొరికింది. 1978లో మార్కెట్లోకొచ్చిన ఆ బండి పేరు హోండా సీఎక్స్ 500. ఇక చేతులు దించండి, కానీ ఆ మెలిక మరిచిపోకండి. ఇంజను లోపల తక్కినవన్నీ దాన్ని బట్టే నడిచాయి.

నేను పాలిటెక్నిక్‌లో ఇంజన్ల పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఈ బండి గురించి చదివాను గానీ ముట్టుకున్నది మాత్రం ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లు ఉన్నప్పుడే. పక్కింటాయన షెడ్డులో టార్పాలిన్ కింద ఉండేది. ఒక ఆదివారం పొద్దున టార్పాలిన్ తీస్తూ కనిపించాడు. గోడ ఇవతల నుంచి తొంగి చూశాను. మొహమాటపడకుండా లోపలికి పిలిచి, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ చేతికిచ్చాడు. ఇంజన్ల పాఠం చెప్పేవాడికి అంతకన్నా పెద్ద మర్యాద ఏముంటుంది!

అందగత్తె కాదు, ఆ మాట ముందే చెప్పేయాలి. ట్యాంకు గూనిలా లేచి ఉంటుంది. సీటు వెనక తోక పొట్టిగా తెగ్గోసినట్టుంటుంది. ముందు రేడియేటరు, దాని చుట్టూ నల్లటి ప్లాస్టిక్ తొడుగు. మోటార్ సైకిలంటే గాలికి ఆరే రెక్కల సిలిండరు, మెరిసే క్రోమియం అని అలవాటుపడ్డ కళ్లకి ఇది నీళ్లు తోడే పంపుసెట్టులా కనబడింది. నిజంగానే జర్మనీలో దీనికి పెట్టిన ముద్దుపేరు అదే: గ్యుల్లెపుంపె, అంటే పేడనీళ్లు తోడే పంపు. ఇంగ్లండువాళ్లు ప్లాస్టిక్ పురుగు అన్నారు. రెండు దేశాలూ వెక్కిరించాయి, రెండు దేశాలూ కొనుక్కున్నాయి.

ఇంజను లోపలికి వెళ్దాం. సిలిండర్ల తలలు 22 డిగ్రీలు మెలి తిప్పాక ఒక ఇబ్బంది వచ్చి పడింది. ఆ రోజుల్లో హోండా అంటే వాల్వుల్ని తెరిచే క్యాంషాఫ్ట్ సిలిండరు తల మీద ఉండాల్సిందే. చైను కింది నుంచి పైకెళ్లి దాన్ని తిప్పుతుంది. అయితే చైను నిటారుగా పరుగెత్తాలి, పక్కకి మెలికపడితే ఒప్పుకోదు. తల తిరిగి ఉంటే దాన్ని పైకెక్కించడం పెద్ద తలనొప్పి. అందుకని వాళ్లు పాతకాలపు పద్ధతికి వెళ్లారు: పుష్‌రాడ్లు. క్యాంషాఫ్టును రెండు సిలిండర్ల మధ్య, ఇందాక మీ అరచేతుల నడుమ ఏర్పడిన లోయలో, పడుకోబెట్టారు. అక్కడినుంచి పొట్టి కడ్డీలు ఏటవాలుగా పైకెళ్లి రాకర్లనే మీటల్ని తోస్తాయి. కడ్డీకి ఏ వాలైనా ఫరవాలేదు, తోస్తే చాలు. ఒక్కో రాకరుకి పంగలకర్రలా రెండు కొసలు, అవి రెండు వాల్వుల్ని ఒకేసారి తెరుస్తాయి. సిలిండరుకి నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది వాల్వులు.

పుష్‌రాడ్ అనగానే మనకి అంబాసిడర్ కారు గుర్తొస్తుంది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను కూడా పుష్‌రాడ్లదే, బలం కూడా దాదాపు 50 హార్స్ పవరే. ఈ మోటార్ సైకిల్ ఇంజను 497 సీసీ. మూడో వంతు పొట్టతో అంత బలమే ఇచ్చింది! ఎలాగంటే తిరుగుడుతో. సిలిండరు వ్యాసం 78 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 52 మాత్రమే. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, మన జాడీ కాదు పళ్లెం అన్నమాట. నిమిషానికి 9,000 చుట్లు తిరిగినా పిస్టన్ సగటు వేగం సెకనుకి 15.6 మీటర్లు దాటదు. అంబాసిడర్ పిస్టన్ నడక 88.9 మిల్లీమీటర్లు, అది అన్ని చుట్లు తిరగాలంటే సెకనుకి 26 మీటర్లు దాటి పరుగెత్తాలి. అంతకన్నా చాలా ముందే బానెట్టు తెరిచి చూసుకోవాల్సి వస్తుంది. సీఎక్స్‌కి ఎర్రగీత 9,500 దాటాకే మొదలవుతుంది. పుష్‌రాడ్ ఇంజను అంత తిరుగుతుందని చాలామంది అనుకోని కాలం అది. కడ్డీలు పొట్టివి, తేలికవి, వాల్వులు చిన్నవి. బరువు లేనిది ఎంతైనా ఎగురుతుంది.

నీళ్ల సంగతి. రేడియేటరు చూసి నవ్వినవాళ్లకి దాని వెనక కథ తెలియదు. హోండా కంపెనీని 1948లో స్థాపించిన సోయిచిరో హోండాకి నీళ్లతో చల్లబరచడమంటే పడేది కాదు. ఆయన వాదం సూటిగా ఉండేది: నీళ్లు ఇంజన్ని చల్లబరుస్తాయి, ఆ నీళ్లని మళ్లీ గాలే చల్లబరచాలి, మరి మధ్యలో ఈ దళారీ ఎందుకు? కాదనడానికి లేదు. కానీ వేడి పెరిగేకొద్దీ గాలి ఒక్కటే మోయలేదు. 1968లో ఆయన పట్టుబట్టి చేయించిన గాలి చల్లదనపు రేసుకారు, ఆర్ఏ 302, ఫ్రాన్సులో రువాఁ దగ్గర పందెంలోకి దిగింది. మూడో చుట్టులో గట్టుకి గుద్దుకుని మంటల్లో కాలిపోయింది. నడిపిన జో ష్లెసర్ చనిపోయాడు. మరుసటి ఏడాది వచ్చిన హోండా 1300 కారు కూడా గాలిదే, ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువ. పొగలో విషం తగ్గించాలని అమెరికా కొత్త చట్టం తెచ్చే వేళకి కుర్ర ఇంజనీర్లు ఆయన్ని ఒప్పించారు: ఇంజను వేడి నిలకడగా ఉంటేగానీ పొగ శుభ్రంగా ఉండదు, ఆ నిలకడ నీళ్లకే సాధ్యం. ఆయన తగ్గాడు. 1973లో అధ్యక్ష పదవి వదిలి పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత నీళ్ల చల్లదనపు పెద్ద టూరింగు బండి గోల్డ్ వింగ్ వచ్చింది, ఆ వెంటనే దాని తమ్ముడిలా మన సీఎక్స్. ఆ పెద్దాయన చెప్పిన దళారీ ఈ బండిలో కమీషను తీసుకుని కూడా బాగానే పనిచేశాడు: ఇంజను చప్పుడు తగ్గింది, ట్రాఫిక్‌లో నిలబడ్డా ఉడికిపోలేదు, సిలిండర్లనీ క్రాంక్‌కేసునీ కలిపి ఒకే పోతగా పోయగలిగారు.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఆ లోయలో పడుకున్న క్యాంషాఫ్ట్ ఒక్కటే మూడు ఉద్యోగాలు చేస్తుంది. మధ్యలో వాల్వుల్ని తెరుస్తుంది. ముందు కొసకి రేడియేటరు ఫ్యాను బిగించారు. వెనక కొసకి నీళ్ల పంపు బిగించారు. ఒకే కడ్డీ, రెండు చివర్లా రెండు పనులు, కావడి మోసినట్టు. విడిగా బెల్టు లేదు, మోటారు లేదు, తెగేది లేదు. ఇలాంటిది చూసినప్పుడు నేను పాఠంలో కాసేపు ఆగిపోయేవాణ్ని; పిల్లలు గడియారం చూసుకునేవాళ్లు.

క్రాంక్‌షాఫ్ట్ బండి పొడుగునా పడుకుంటే ఒక అల్లరి ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు ఎక్సలరేటరు తిప్పారంటే క్రాంకు ఒక వైపుకి జోరుగా తిరుగుతుంది, బండి ఒళ్లు రెండో వైపుకి వాలుతుంది. గుజ్జీ వాళ్లకిది అలవాటే, కొందరికి ముద్దు కూడా. హోండా ఏం చేసిందంటే, క్లచ్‌నీ గేర్‌బాక్సు కడ్డీల్నీ క్రాంకుకి ఎదురు దిక్కులో తిరిగేలా అమర్చింది. ఒకడు ఎడమకి లాగితే ఇంకొకడు కుడికి లాగుతాడు. వాలు పూర్తిగా పోలేదు, చాలావరకు తగ్గింది. గేర్‌బాక్సు క్రాంకు కింద దూరింది కాబట్టి ఇంజను పొడుగు కూడా తగ్గింది. ఆ పొట్టి, గట్టి ఇంజన్ని ఫ్రేముకి వేలాడదీసి, దాన్నే ఫ్రేములో ఒక భాగం చేసేశారు.

క్రాంకు పొడుగునా ఉంటే అసలు లాభం వెనక చక్రం దగ్గర. బలం తిన్నగా వెనక్కి ప్రయాణించి, చక్రం దగ్గర ఒక్కసారే పక్కకి మళ్లుతుంది. అందుకని చైను బదులు షాఫ్ట్ పెట్టడం తేలిక. మనం చైను స్ప్రాకెట్లు మార్చుకుంటూ, వానాకాలంలో బురద కొట్టిన చైనుకి నూనె పోసుకుంటూ పెరిగినవాళ్లం. సీఎక్స్ యజమానికి ఆ గోల లేదు. వెనక గేర్ల డబ్బాలో నూనె సరిపోయేంత ఉంటే చాలు. చక్రాలకి పుల్లలు లేవు, అల్యూమినియం రిమ్ముకి రేకు చేతులు రివిట్లు కొట్టి బిగించిన కామ్‌స్టార్ చక్రాలు. వాటి మీద ట్యూబ్‌లెస్ టైర్లు, మోటార్ సైకిళ్లకి అప్పటికి అది కొత్త. పదిహేడు లీటర్ల ట్యాంకు. సుమారు 200 కిలోల బరువు. కిక్ రాడ్డు లేదు, బటన్ నొక్కడమే. ఇగ్నిషను కరెంటు మాత్రం బ్యాటరీతో సంబంధం లేకుండా తన కాయిల్ తానే చూసుకుంటుంది. కాబట్టి బ్యాటరీ చచ్చిపోతే నెట్టుకుని స్టార్ట్ చేసుకోవచ్చు, 200 కిలోలు నెట్టే ఓపిక ఉంటే.

ఈ గుణాలన్నీ కలిసి ఆ బండిని లండన్ వీధుల్లోకి చేర్చాయి. కంప్యూటర్లో ఉత్తరం పంపే రోజులు ఇంకా రాలేదు. లాయరు కాగితాలు, పత్రికాఫీసుకి వెళ్లాల్సిన ఫొటోలు, ప్రకటన కంపెనీల బొమ్మలు అన్నీ మోటార్ సైకిల్ కుర్రాళ్లు మోసేవాళ్లు. డెస్పాచ్ రైడర్లు అనేవాళ్లు. ఎన్ని కవర్లు చేరిస్తే అంత కూలి. బండి షెడ్డులో ఉన్న రోజు పస్తే. పొద్దున్నుంచి రాత్రి దాకా చలిలో, వానలో తిరిగే ఆ కుర్రాళ్లు ఎనభైల్లో ఏరికోరి తెచ్చుకున్న బండి ఈ పేడనీళ్ల పంపే. చైను సవరించే పని లేదు, ట్రాఫిక్‌లో వేడెక్కదు, కింద పడితే పొడుచుకొచ్చిన సిలిండర్లు కాలి మీద బండి పడకుండా ఆపుతాయి. లక్ష మైళ్లు దాటిన మీటర్లు వాళ్లలో సామాన్యం. ఇందులో నాకు ఒక ముచ్చట కనిపిస్తుంది. ఊళ్లు చుట్టి వచ్చే విహారం కోసం గీసిన బండి, విహారమంటే ఏమిటో తెలియని కష్టజీవుల చేతిలోనే తన విలువ నిరూపించుకుంది.

ఆ ఆదివారం మేం చేసిన పని టాపెట్లు సెట్ చేయడం, అంటే వాల్వుల దగ్గరి సందులు సవరించడం. ఇంజను చల్లగా ఉండాలి. ట్యాంకు దించనక్కర్లేదు, ఏదీ ఊడదీయనక్కర్లేదు. సిలిండర్లు రెండూ చెవుల్లా బయటికే ఉన్నాయి కదా, మూతకి రెండేసి బోల్టులు, విప్పితే నాలుగు స్క్రూలు ఎదురుగా కనిపిస్తాయి. లోపలికి పీల్చే వాల్వులకి 0.08 మిల్లీమీటరు సందు, పొగ వదిలే వాల్వులకి 0.10. ఫీలర్ గేజ్ రేకు దూర్చి లాగితే, వెన్నలోంచి కత్తి లాగినట్టు కాదు, కొత్త నోట్ల కట్టలోంచి ఒక నోటు లాగినట్టు తగలాలి. పక్కింటాయన స్టూలు మీద కూర్చుని చేశాడు. మధ్యలో టీ తాగాం. గంటలోపు ఎనిమిదీ అయిపోయాయి. నాలుగు సిలిండర్ల బండ్లకి ఇదే పని చేయాలంటే పూట పడుతుంది.

మరి లోపాలు లేవా అంటే, ఉన్నాయి. మొదట్లో వచ్చిన బండ్లలో లోయలోని క్యాంషాఫ్టును తిప్పే క్యాం చైనును బిగువుగా పట్టే టెన్షనరు సరిగా నిలవలేదు. కంపెనీ బండ్లని వెనక్కి పిలిచి బాగుచేసింది. బాగుపడ్డ ఇంజనుకి నంబరు పక్కన మూడు చుక్కలు గుద్దారు. ఇప్పటికీ పాత సీఎక్స్ కొనేవాడు ముందు వంగి చూసేది ఆ మూడు చుక్కలకే, మన దగ్గర గేదెని కొనేవాడు సుడులు చూసినట్టు.

పెద్ద తిప్పలు ఇంజను వెనక మూత దగ్గర. క్యాం చైను, కరెంటు పుట్టించే స్టేటర్ కాయిల్, నీళ్ల పంపు సీలు, మూడూ ఆ మూత వెనకే ఉన్నాయి. ఆ మూత విప్పాలంటే ఇంజను మొత్తం బండిలోంచి దించాలి. కాబట్టి అనుభవమున్నవాళ్లు ఏ ఒక్కటి చెడినా ఇంజను దించి మూడూ మార్చేస్తారు. ఆ పనికి సీఎక్స్ ప్రేమికులు పెట్టుకున్న పేరు ట్రిపుల్ బైపాస్. పేరు వినగానే నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే గుండె ఆపరేషనుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

నా అభిప్రాయం చెప్పమంటే, హోండా ఇంజనీర్లు తెలిసే ఈ బేరం చేసుకున్నారు. ప్రతి కొన్ని నెలలకీ వచ్చే పని స్టూలు మీద కూర్చుని చేసుకునేలా పెట్టారు. పదేళ్లకొకసారి వచ్చే పనిని లోతున పాతిపెట్టారు. కొత్త బండి కొన్నవాడికి ఇది లాభసాటి బేరమే. నలభై ఏళ్ల తర్వాత మూడో చేతి బండి కొన్నవాడు ఆ బేరంలో లేడు, బిల్లు మాత్రం వాడికే వస్తుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1981లో ఇదే ఇంజనుతో జీఎల్ 500 సిల్వర్ వింగ్ అని అచ్చంగా దూరప్రయాణాల బండి తెచ్చారు. వెనక సీటు తీసి, దాని స్థానంలో సామాను పెట్టె బిగించుకోవచ్చు. పెళ్లాం రానంటే పెట్టె అన్నమాట. 1983లో ఇంజన్ని 674 సీసీకి పెంచారు. వీటన్నిటికన్నా వింతైంది 1982లో వచ్చిన సీఎక్స్ 500 టర్బో. పొగగొట్టంలోంచి పోయే వేడిగాలితో చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో తాజాగాలిని ఇంజనులోకి కూరడం టర్బో పని. దానికి పొగ ధార ఎంత నిలకడగా వస్తే అంత సుఖం. ఈ ఇంజనులో రెండు సిలిండర్లూ ఒకే క్రాంకు పిన్నుకి వేలాడతాయి, అందుకని పేలుళ్లు సమానంగా రావు: ఒకటి 280 డిగ్రీలకి, తర్వాతది 440 డిగ్రీలకి. కుంటి గుర్రం నడక. టర్బోకి ఇంతకన్నా పనికిరాని ఇంజను ఉండదు. దీని మీదే చేసి చూపించాలని హోండా పంతం పట్టి, కార్బొరేటర్లు తీసేసి కంప్యూటరుతో పెట్రోలు చిమ్మించి, 82 హార్స్ పవర్ పిండింది. మరుసటి ఏడాదే 650 టర్బో తెచ్చి వంద దాకా తీసుకెళ్లింది. ఆ పైన ఆ పిచ్చి వదిలింది. అదనంగా ఇన్ని గొట్టాలు మోసే బదులు ఇంజన్నే పెద్దది చేస్తే చవకని అందరికీ తెలిసిపోయింది. ఎనభైల మధ్యకల్లా సీఎక్స్ వరసంతా చాలా దేశాల్లో ఆగిపోయింది.

మన దేశానికి ఈ బండి అమ్మకానికి రాలేదు. 1983లో రాజ్‌దూత్ 350 పేరుతో రెండు సిలిండర్ల యమహా వచ్చింది, అది వేరే జాతి, టూ స్ట్రోక్ పులి. హోండా మోటార్ సైకిల్ మన ఊళ్లలోకి 1985లో హీరోతో కలిసి వచ్చింది, 97 సీసీ సీడీ 100 రూపంలో. మన మాష్టార్లూ పాల వ్యాపారులూ ఎల్‌ఐసీ ఏజెంట్లూ లీటరుకి ఎంతిస్తుందని అడిగి దాన్ని కొన్నారు. లండన్ డెస్పాచ్ కుర్రాడికి సీఎక్స్ ఎంతో, మన పాలాయనకి అది అంత.

ఆ ఆదివారం మూతలు బిగించాక పక్కింటాయన బటన్ నొక్కాడు. మీకు వినిపించాలని ఉంది, నోటితో ప్రయత్నిస్తాను, నవ్వకండి. డుగ్, డుగ్... డుగ్, డుగ్... డుగ్, డుగ్. రెండు అడుగులు దగ్గరగా, తర్వాత చిన్న విరామం. ఇందాక చెప్పిన 280, 440 ఇవే. నన్ను సీటు మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఎక్సలరేటరు కొంచెం తిప్పితే బండి ఓ పక్కకి ఒళ్లు విరుచుకున్నట్టు కదిలి సర్దుకుంది. కిందికి చూస్తే నా మోకాళ్లు రెండూ ట్యాంకుకి ఆనుకుని ఉన్నాయి. వాటికి అడ్డంగా ఏదీ లేదు. నేను పెద్ద పొడగరిని కాను, అయినా అటూ ఇటూ తడిమి చూశాను.

నా సమయం అయిపోవచ్చింది. ఇందాక విప్పిన మీ చేతులు మళ్లీ జోడించవచ్చు. నమస్కారం.